విమానాన్ని రాడార్ ‘త్రీడీ’లో చూడటం అంటే ఏమిటి? చెదిరి ఉన్న యాంటెన్నాల వెనుక లెక్క

డెల్టాలో రాడార్ అనే మాట తుఫానులతో పాటే ఇళ్లలోకి వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందనగానే టీవీలో మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ వేస్తారు. ఎర్ర మచ్చలు కాకినాడ వైపు జరుగుతున్నాయా, నరసాపురం వైపా అని అందరూ కళ్లప్పగించి చూస్తారు. 2025లో అదే మాట ఇంకో రెండు దారుల్లో వచ్చింది. మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో డ్రోన్లు, క్షిపణులు, వాటిని పట్టే రాడార్ల గురించి తెగ చర్చలు నడిచాయి. జులై 30న శ్రీహరికోట నుంచి నైసార్ ఉపగ్రహం వెళ్లింది. చీకటైనా, మబ్బు పట్టినా నేలను బొమ్మ తీసే రాడార్ అది.

ఈ వేడిలో పుట్టిన మాట ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది. చిన్న చిన్న రాడార్లను అక్కడక్కడా పెట్టి కలిపితే ఆకాశంలోని విమానం ఫొటో తీసినట్టు త్రీడీలో కనిపిస్తుందని, ఇక రాడార్‌కు చిక్కకుండా కట్టిన స్టెల్త్ విమానాల పని అయిపోయినట్టేనని. ఇందులో నిజం ఉంది. కానీ అది చెప్పినంత సాఫీగా లేదు. అసలు చిక్కు రాడార్లు ఎన్ని అన్న దగ్గర లేదు. వాటి మధ్య ఎడం ఎంత, అవన్నీ ఒకే గడియారం మీద నడుస్తున్నాయా అన్న దగ్గర ఉంది.

## త్రీడీ అంటే ఏ త్రీడీ?

ముందు ఈ గందరగోళం తీర్చుకోవాలి. మన రక్షణ వార్తల్లో ‘త్రీడీ రాడార్’ అని వినిపిస్తుంటుంది. వైమానిక దళం వాడే రోహిణి అలాంటిదే. అక్కడ త్రీడీ అంటే ఒక విమానం ఎంత దూరంలో ఉంది, ఏ దిక్కున ఉంది, ఎంత ఎత్తులో ఉంది అనే మూడు కొలతలు. తెర మీద విమానం ఒక చుక్క. దాని రెక్కలు, తోక కనిపించవు.

వాతావరణ రాడార్‌ది ఇంకో రకం. యాంటెన్నాను ఒక్కో కోణంలో పైకెత్తుతూ చుట్టూ తిప్పి, మేఘం ఏ ఎత్తులో ఎంత నీటితో ఉందో పొరలు పొరలుగా కొలుస్తుంది. అదీ మూడు కొలతల బొమ్మే, కానీ అందులో ఒక్కో గడి కిలోమీటరు లెక్కన ఉంటుంది.

ఇక్కడ మాట్లాడుకుంటున్నది మూడోది. ఒకే విమానం లేదా ఒకే ఉపగ్రహం మీద ముక్కు ఎక్కడ, రెక్క చివర ఎక్కడ, తోక ఎంత ఎత్తు అని విడివిడిగా గుర్తించే బొమ్మ. గడి పరిమాణం కిలోమీటరు కాదు, జానెడు.

## దూరం తేలిక, అడ్డం కష్టం

లెక్క కోసం ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం మూడూ కలిపితే దాదాపు సమభుజ త్రిభుజం వస్తుంది. గాలిలో కొలిస్తే ఏ రెండింటి మధ్య అయినా సుమారు 50 కిలోమీటర్లు. దాని నడిమధ్య రామచంద్రపురం. రామచంద్రపురం మీద 10 కిలోమీటర్ల ఎత్తులో ఒక ఎయిర్‌బస్ ఏ320 వెళ్తోందనుకోండి. పొడవు 37.6 మీటర్లు. త్రిభుజం మూడు మూలల నుంచీ దానికి ఏటవాలుగా సుమారు 30 కిలోమీటర్లు. ఇలాంటి రాడార్లు అక్కడ నిజంగా లేవు. లెక్క కుదురుతుందని తీసుకున్న చోటు ఇది.

రాడార్ రేడియో తరంగాన్ని పంపి, తగిలి తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని కొలుస్తుంది. దూరం అలా వస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు బిందువులను దూరంలో విడదీయడానికి తరంగంలో ఎంత వెడల్పైన ఫ్రీక్వెన్సీల పట్టీ వాడామన్నది ముఖ్యం. దీన్నే బ్యాండ్‌విడ్త్ అంటారు. 150 మెగాహెర్ట్జ్ వాడితే 1 మీటరు ఎడంలో ఉన్న రెండు బిందువులు విడిపోతాయి. 1,000 మెగాహెర్ట్జ్ వాడితే 15 సెంటీమీటర్లు. ఇందులో గొప్ప సౌకర్యం ఏమిటంటే విమానం 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నా 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఈ సూక్ష్మత మారదు. దూరం పెరిగితే ప్రతిధ్వని బలం మాత్రం పడిపోతుంది.

అడ్డంగా, అంటే ఎడమ నుంచి కుడికి విడదీయడం వేరే కథ. అది యాంటెన్నా ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడుతుంది, దూరంతో పాటు చెడిపోతుంది కూడా. మచిలీపట్నం రాడార్ కిరణం వెడల్పు సుమారు 1 డిగ్రీ. వంద కిలోమీటర్ల అవతల ఉన్న అమలాపురం చేరేసరికి ఆ కిరణం దాదాపు 1.7 కిలోమీటర్ల వెడల్పుకు విచ్చుకుంటుంది. వాన మేఘానికి అది చాలు. మన విమానం కోసం 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం, 3 మీటర్ల యాంటెన్నా తీసుకుంటే 30 కిలోమీటర్ల దగ్గర కిరణం 300 మీటర్లు. ఎనిమిది ఏ320లను ముక్కుకు తోక తగిలించి వరసగా నిలబెట్టినా అన్నీ ఒకే కిరణంలో పడతాయి. ఇక రెక్కెక్కడ, తోకెక్కడ?

## విమానం తిరిగితే సగం పని అయిపోతుంది

ఈ ఇబ్బందిని దాటే పాత ఉపాయం కదలిక. నైసార్ లాంటి ఉపగ్రహంలో రాడార్ కదులుతుంది, నేల నిలకడగా ఉంటుంది. కక్ష్యలో చాలా చోట్ల అందుకున్న ప్రతిధ్వనులను కలిపి పొడవాటి యాంటెన్నాతో చూసినంత ఫలితం రాబడతారు. దీన్ని సార్ (సింథటిక్ అపర్చర్ రాడార్) అంటారు. విమానాన్ని చూసేటప్పుడు ఇది తిరగబడుతుంది. రాడార్ నేల మీద ఉంటుంది, విమానం కదులుతుంది. అందుకని ఐసార్ అన్నారు, ఇన్వర్స్ సార్.

విమానం తిరుగుతున్నప్పుడు ఒక రెక్క కొస రాడార్‌కు దగ్గరవుతుంది, రెండో కొస దూరమవుతుంది. రెండింటి ప్రతిధ్వనుల ఫ్రీక్వెన్సీలో కొద్ది తేడా వస్తుంది. తుఫాను గాలి వేగం కొలిచే డాప్లర్ సూత్రమే ఇది. ఆ తేడాను బట్టి అడ్డం దిశలో బిందువులను విడదీస్తారు. రాడార్ చూపుతో పోలిస్తే విమానం 3 డిగ్రీలు తిరిగితే చాలు, 3 సెంటీమీటర్ల తరంగంతో అడ్డం సూక్ష్మత 29 సెంటీమీటర్లకు వస్తుంది. అందుకు విమానం ప్రత్యేకంగా మలుపు తిరగనక్కరలేదు. సెకనుకు 200 మీటర్ల వేగంతో 30 కిలోమీటర్ల అవతల అడ్డంగా దూసుకుపోతే సుమారు 8 సెకన్లలో ఆ 3 డిగ్రీలు వచ్చేస్తాయి.

ఉపగ్రహాల విషయంలో ఇది రోజూ జరిగే పనే. 2012 ఏప్రిల్‌లో యూరప్ వారి ఎన్విసాట్ ఉపగ్రహంతో సంబంధాలు తెగిపోయాయి. అప్పుడు జర్మనీలోని టీరా రాడార్, 34 మీటర్ల డిష్ ఉన్నది, తీసిన బొమ్మలతో దాని స్థితి అంచనా వేశారు. ఒకే చోట ఒకే రాడార్. ఇక్కడ చెదిరిన యాంటెన్నాల ఊసు లేదు. అవి లేకపోతే బొమ్మే రాదన్నట్టు రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

మరి లోటు ఎక్కడ? ఐసార్ బొమ్మ రెండు కొలతలదే. వస్తువు గోడ మీద వేసే నీడ లాంటిది. నీడలో ఆకారం తెలుస్తుంది, లోతు తెలియదు. పైగా ఆ గోడ ఏ వాలున ఉందో చూసేవాడికి తెలియదు, అది వస్తువు తిరిగే తీరును బట్టి మారిపోతుంది. కాకినాడ లంగరులో ఆగిన ఓడను తీరం నుంచి ఇలా చూస్తే, అల మీద ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు స్తంభాలతో సహా పక్కనుంచి గీసిన బొమ్మ వస్తుంది. నీటి మీదే కుడి ఎడమలకు మళ్లినప్పుడు పైనుంచి చూసినట్టు వస్తుంది. ఓడ అదే, రాడార్ అదే. విమానం అయితే ఎలా తిరుగుతుందో పైలట్ చేతిలో ఉంది, గాలి చేతిలో ఉంది. మనకు మాత్రం చెప్పరు.

## ఎత్తు పట్టుకోవడం: 3 మీటర్లు, 30 మీటర్లు, 300 మీటర్లు

మూడో కొలత కోసం రెండో యాంటెన్నా కావాలి. తోక పైకొస నుంచి వచ్చే తరంగం రెండు యాంటెన్నాలనూ ఒకే క్షణంలో చేరదు. ఒకదాని కంటే రెండోదానికి వెంట్రుకవాసి ఎక్కువ దూరం పడుతుంది. ఆ తేడాను ఫేజ్ రూపంలో కొలుస్తారు. తరంగం ఒక పూర్తి ఊపులో ఎంతవరకు వచ్చిందో చెప్పేది ఫేజ్, 0 నుంచి 360 డిగ్రీల దాకా. 360 దాటితే మళ్లీ సున్నా. అన్ని తిప్పలూ ఈ చివరి వాక్యంలోనే ఉన్నాయి.

దూరం తేడా కట్టడం తేలిక. యాంటెన్నాల మధ్య ఎడాన్ని బిందువు ఎత్తుతో గుణించి, విమానం దాకా ఉన్న దూరంతో భాగించాలి. యాంటెన్నాల ఎడం 3 మీటర్లు, తోక ఎత్తు 10 మీటర్లు, దూరం 30,000 మీటర్లు అయితే తేడా 1 మిల్లీమీటరు. 3 సెంటీమీటర్ల తరంగంలో అది 12 డిగ్రీల ఫేజ్. కొలవగలం. కానీ శబ్దం (నాయిస్, అంటే సంకేతంలో కలిసిపోయే రేడియో రొద) వల్ల కొలతలో 10 డిగ్రీల తప్పు దొర్లిందనుకోండి, ఎత్తులో 8 మీటర్ల తప్పు వస్తుంది. ఏ320 మొత్తం ఎత్తే నేల మీద 12 మీటర్లకు లోపు. ఆ కొలత ఎందుకూ కొరగాదు.

ఎడాన్ని 300 మీటర్లకు పెంచితే? అదే 10 డిగ్రీల తప్పు ఇప్పుడు 8 సెంటీమీటర్లకు దిగుతుంది. బ్రహ్మాండం. అయితే ఫేజ్ ప్రతి 3 మీటర్ల ఎత్తుకూ ఒకసారి పూర్తి చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. 1 మీటరు ఎత్తున్న బిందువు, 4 మీటర్ల ఎత్తున్నది, 7 మీటర్ల ఎత్తున్నది మూడూ ఒకే ఫేజ్ చూపిస్తాయి. కచ్చితత్వం వచ్చింది, ఏ అంతస్తులో ఉన్నామో పోయింది.

మధ్యలో 30 మీటర్ల ఎడం పెడితే 10 డిగ్రీల తప్పుకు 83 సెంటీమీటర్లు, చుట్టు 30 మీటర్లకు ఒకసారి. విమానం మొత్తం ఒకే చుట్టులో ఇమిడిపోతుంది కనుక గందరగోళం ఉండదు. ఈ మొరటు కొలతతో అంతస్తు తేల్చుకుని, 300 మీటర్ల జంటతో సన్నని కొలత తీసుకుంటారు. చెదిరిన యాంటెన్నాల అమరిక అంటే నిజానికి ఇదే: దగ్గరి జంటలు, దూరపు జంటలు కలగలిపి పెట్టడం. అన్నీ దూరంగా పెడితే చాలదు.

మన డెల్టాకు ఇక్కడ ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. ఈ లెక్కల్లోని ఎడం విమానం వైపు నుంచి చూస్తే కనిపించే ఎడం. ధవళేశ్వరం దిగువన నేలంతా బల్లపరుపు. అక్కడ విమానం ఉన్న దిక్కుగా నేల మీద 300 మీటర్ల దూరంలో యాంటెన్నాలు పరిస్తే, 30 కిలోమీటర్ల అవతల 10 కిలోమీటర్ల ఎత్తున ఉన్న విమానానికి ఆ ఎడం 100 మీటర్లుగానే కనిపిస్తుంది. విమానం దిగంతానికి దిగేకొద్దీ ఇంకా కుంచించుకుపోతుంది. పాపికొండల్లాంటి చోట ఒకటి కొండ మీద, ఒకటి కింద పెట్టుకునే వీలుంటుంది. కోనసీమలో ఎత్తు కావాలంటే టవర్ కట్టాలి, టవర్ గాలికి ఊగుతుంది.

ఇంకో లోపం కూడా ఉంది, ఇది కొంచెం లోతైనది. రెండు యాంటెన్నాల పద్ధతి ఒక్కో గడిలో ఒక్కటే బిందువు ఉందని నమ్ముకుంటుంది. రెక్క మీద ఒక బిందువు, దానికి సరిగ్గా 8 మీటర్లు పైన తోక మీద ఇంకో బిందువు, రెండూ రాడార్‌కు ఒకే దూరంలో, ఒకే డాప్లర్‌లో పడ్డాయనుకుందాం. ఇద్దరి బలం సమానమైతే ఫేజ్ చెప్పే ఎత్తు 4 మీటర్లు. అక్కడ విమానంలో ఏమీ లేదు, ఖాళీ గాలి. బొమ్మలో మాత్రం ధగధగలాడే చుక్క ఉంటుంది. రెండింటినీ విడదీయాలంటే జంట చాలదు, యాంటెన్నాల వరస కావాలి.

## నాలుగు వేల కోట్ల యాంటెన్నాలు ఎవరు పెడతారు?

విమానం కదలిక మీద ఆధారపడకుండా ఒక్క క్షణంలోనే అడ్డం, నిలువు రెండు దిశల్లో 30 సెంటీమీటర్ల సూక్ష్మత కావాలంటే, 30 కిలోమీటర్ల దూరానికి 3 కిలోమీటర్ల వెడల్పైన యాంటెన్నా కావాలి. దాన్ని చిన్న చిన్న యాంటెన్నాలతో నింపితే, ఒక్కోదాని మధ్య అర తరంగం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే ఉండాలి. ఒక వరసకు 2 లక్షల యాంటెన్నాలు. చదరం మొత్తానికి 4,000 కోట్ల యాంటెన్నాలు. ఊళ్లకు ఊళ్లు యాంటెన్నాలతో కప్పేయాలి, కొబ్బరి తోటలు ఏమీ మిగలవు.

కాబట్టి నింపరు, అక్కడక్కడా పెడతారు. దానికి చెల్లించే మూల్యం నకళ్లు. సరిసమానంగా 30 మీటర్లకు ఒకటి చొప్పున పెడితే విమానం బొమ్మకు 30 మీటర్ల పక్కన ఇంకో అచ్చు వస్తుంది, దాని పక్కన ఇంకొకటి. ఇందాకటి ఫేజ్ చుట్టు మాయే ఇది, వేరే వేషంలో. ఎడాలు ఒకే తీరుగా లేకుండా మార్చి మార్చి పెడితే ఆ నకళ్లు చెల్లాచెదురై పలుచని మసకగా మారతాయి. మసక కింద బలహీనమైన బిందువులు మునిగిపోతాయి, అది వేరే నష్టం.

ఈ విద్య రాడార్ వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా చేస్తున్నారు, దీనికే మార్టిన్ రైల్ 1974లో నోబెల్ పంచుకున్నారు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. పద్నాలుగు ఒక కిలోమీటరు ప్రాంతంలో గుంపుగా, మిగతా పదహారు మూడు చేతులుగా, గరిష్ఠంగా సుమారు 25 కిలోమీటర్ల దాకా పరుచుకుని ఉంటాయి. దగ్గరి జంటలు, దూరపు జంటలు కలపడం అక్కడ కంటికి కనిపిస్తుంది. అయితే నక్షత్ర మండలం గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది, భూమి తిరుగుతూ ఖాళీలను పూడుస్తుంది. విమానానికి అంత ఓపిక లేదు.

రాడార్ చేతిలో ఖగోళ శాస్త్రజ్ఞుల దగ్గర లేని ఆయుధం ఒకటుంది. అది తానే తరంగం పంపగలదు. 8 చోట్ల నుంచి పంపి 16 చోట్ల అందుకుంటే, పంపిన ప్రతిదానికీ అందుకున్న ప్రతిదానికీ ఒక జంట చొప్పున 128 దారులు వస్తాయి. 24 పరికరాలతో 128 యాంటెన్నాల పని. ఫోన్ టవర్ల వాళ్ల భాషలోనూ వినిపించే మైమో ఇదే. కాకపోతే ఎవరు పంపిన తరంగమో గుర్తుపట్టేలా ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఇవ్వాలి, లేదా వంతులవారీగా పంపాలి. వంతులు వేస్తే ఆ లోపు విమానం జరిగిపోతుంది. మిల్లీసెకనులో 20 సెంటీమీటర్లు, అంటే ఆరేడు తరంగాల మేర. ఆ జరుగుడును లెక్కలో తీసేయకపోతే బొమ్మ చెదిరిపోతుంది.

గణితంలోనూ ఒక సుళువు సూత్రం ఇక్కడ పనిచేయదు. మామూలుగా దూరపు వస్తువు నుంచి వచ్చే తరంగం తిన్నగా, పలకలా వస్తుందని లెక్క వేస్తారు. 3 కిలోమీటర్ల అమరికకు 3 సెంటీమీటర్ల తరంగంతో అలా అనుకోవాలంటే వస్తువు సుమారు 6 లక్షల కిలోమీటర్ల అవతల ఉండాలి. చంద్రుడి కన్నా దూరం. మన విమానం 30 కిలోమీటర్లలోనే ఉంది. తరంగం వంపును ప్రతి బిందువుకూ విడిగా లెక్కించాల్సిందే. 60 మీటర్లు, 60 మీటర్లు, 20 మీటర్ల డబ్బాను 30 సెంటీమీటర్ల ఘనాలుగా కోస్తే దాదాపు 27 లక్షల గడులు. ఒక్కో గడికి ప్రతి దారి నుంచీ, ప్రతి పల్స్ నుంచీ వచ్చింది కూడాలి. ఇప్పటి గ్రాఫిక్స్ చిప్‌లు ఇది మోయగలవు. పాతికేళ్ల కింద ఈ పద్ధతి కాగితాల మీదే ఎక్కువగా ఉండిపోవడానికి ఇదొక కారణం.

## గడియారం, తేమ, ఒండ్రు నేల

యాంటెన్నాలన్నీ ఒకే ఫేజ్ లెక్కలో పనిచేయాలంటే తప్పు తరంగంలో పదో వంతు, అంటే 3 మిల్లీమీటర్లు మించకూడదు. కాంతి ఆ దూరం దాటడానికి 10 పికోసెకన్లు పడుతుంది. ఫోన్‌లో వాడే జీపీఎస్ నుంచి నేరుగా తీసుకునే సమయంలో తప్పు సాధారణంగా పదుల నానోసెకన్లు. మనకు కావలసిన దానికన్నా వేల రెట్లు మొరటు.

ఫైబర్ వేసి కలుపుదామంటే దానికీ ఎండ తగులుతుంది. కిలోమీటరు ఫైబర్ 1 డిగ్రీ వేడెక్కితే సంకేతం సుమారు 40 పికోసెకన్లు ఆలస్యమవుతుంది. రాజమండ్రి నుంచి కాకినాడకు 50 కిలోమీటర్ల తీగ 1 డిగ్రీ వేడెక్కితే 2,000 పికోసెకన్లు. మే నెల రోహిణి కార్తె సంగతి వేరే చెప్పాలా? అందుకే సంకేతాన్ని అవతలికి పంపి వెనక్కి తెచ్చుకుని, ఆ రాకపోకల ఆలస్యాన్ని ఎప్పటికప్పుడు కొలిచి సరిచేస్తారు.

తీగ సరే, గాలి మాటేమిటి? తీరప్రాంతపు తేమ రేడియో తరంగాన్ని నెమ్మదింపజేస్తుంది. తేమ ఎక్కువున్న ప్రాంతాల్లో నిలువుగా ఆకాశంలోకి వెళ్లే తరంగానికి ఆవిరి వల్లే 30 సెంటీమీటర్ల దాకా అదనపు దూరం పడినంత ఆలస్యం అవుతుంది. మన 3 సెంటీమీటర్ల లెక్కలో అది పది తరంగాలు. యాంటెన్నాలు 300 మీటర్ల లోపు ఉంటే అన్నిటికీ దాదాపు ఒకే ఆలస్యం కనుక ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. ఒకటి కాకినాడ సముద్రపు గాలిలో, ఒకటి రాజమండ్రిలో ఉంటే అలా పోదు. పైగా స్తంభాలు నిలబడేది ఒండ్రు నేల మీద. ఇళ్ల గోడలకు అవసరం లేనంత సన్నని కొలత ఇక్కడ అవసరం. స్తంభం 3 మిల్లీమీటర్లు కుంగితే ఇక్కడ పెద్ద వార్తే.

ఇన్ని తప్పులను ఎదుర్కోవడానికి ఒక తెలివైన దారి ఉంది. విమానం మీదే బాగా మెరిసే ఒక బిందువును గురుతుగా పెట్టుకుని, అన్ని యాంటెన్నాల ఫేజ్‌లనూ దానికి సరిపెట్టడం. అప్పుడు విమానం ఆకాశంలో ఖచ్చితంగా ఎక్కడుందో పోతుంది, కానీ ఆకారం మిగులుతుంది. బొమ్మ కోసమే అయితే అది చాలు.

## రెండు బడులు

ఇక్కడికి వచ్చేసరికి ‘చెదిరిన యాంటెన్నాలు’ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు పద్ధతులు ఉన్నాయని తేలుతుంది. వార్తల్లో వీటిని కలిపేస్తారు.

మొదటిది దగ్గరి గుంపు. కొన్ని మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల ఎడం, అందరికీ ఒకే ఫేజ్, పైన చెప్పిన ఎత్తు లెక్క. ఇటలీలోని పీసాలో, చైనా విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధన చాలా వరకు ఈ బాటలోదే. యాంటెన్నాలన్నీ విమానం ఒకే ముఖాన్ని చూస్తాయి కాబట్టి బిందువులు సరిపోలతాయి.

రెండోది మన రాజమండ్రి–కాకినాడ–అమలాపురం త్రిభుజం లాంటిది. 50 కిలోమీటర్ల ఎడంలో ఫేజ్ చుట్టు రెండు సెంటీమీటర్లకు ఒకసారి తిరుగుతుంది, ఎత్తు తేల్చడానికి పనికిరాదు. అంతకన్నా పెద్ద సంగతి, రామచంద్రపురం మీది విమానం ఒకరికి ముక్కు వైపు నుంచి, ఒకరికి ఎడమ వెనుక నుంచి, ఇంకొకరికి కుడి వెనుక నుంచి కనిపిస్తుంది. ఒకరికి మెరిసే బిందువు ఇంకొకరికి అసలు కనిపించకపోవచ్చు. కాబట్టి ఇక్కడ ఫేజ్ కలపరు. ఒక్కొక్కరు తీసిన ఐసార్ బొమ్మల నుంచి ఏ బిందువు ఏదో జత చేసి ఆకారాన్ని కడతారు. గడియారం కట్టుబాటు చాలా సడలుతుంది. జత చేయడంలో తప్పు జరిగితే మాత్రం రెక్క తోకకు అతుక్కుంటుంది.

ఏది మెరుగు అన్న వాదన నడుస్తూనే ఉంది. దగ్గరి గుంపు వాళ్లు కచ్చితత్వం చూపిస్తారు. దూరపు జాలం వాళ్లు అన్ని వైపులా చూడటం, ఒక కేంద్రం దెబ్బతిన్నా మిగతావి పనిచేయడం చూపిస్తారు. ఒకే పెద్ద డిష్ చాలు, ఎక్కువ ఫ్రీక్వెన్సీకి వెళ్దాం అనేవాళ్లూ ఉన్నారు. ఉపగ్రహాలకు వాళ్ల మాట బలమైనదే. తక్కువ ఎత్తులో వానల్లో ఎగిరేవాటికి అంత కాదు, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వాన తరంగాన్ని మింగేస్తుంది. మన తీరంలోని వాతావరణ రాడార్లు సుమారు 10 సెంటీమీటర్ల పొడవాటి తరంగం వాడేది అందుకే. నా మట్టుకు నాకు దగ్గరి గుంపులు కొన్నింటిని దూరదూరంగా పెట్టి, గుంపు లోపల ఫేజ్, గుంపుల మధ్య బొమ్మలు కలిపే మధ్యేమార్గమే నిలబడేలా కనిపిస్తోంది.

## స్టెల్త్ మాట

స్టెల్త్ విమానం ఆకారం తన మీద పడ్డ తరంగాన్ని పంపినవాడి వైపు కాక పక్కలకు మళ్లిస్తుంది, కొంత పూత పీల్చుకుంటుంది. పక్కల ఇంకో రిసీవర్ ఉంటే ఆ మళ్లిన తరంగం దానికి తగలవచ్చు. దూరపు జాలాలను సమర్థించేవాళ్ల వాదన ఇంతవరకూ సబబే. అవతలి వాదన కూడా బలహీనం కాదు. మళ్లిన తరంగం సన్నని దిశల్లో పోతుంది, అదే దిశలో అదే క్షణంలో రిసీవర్ ఉండాలి. పూత పీల్చుకున్నది ఎవరికీ దొరకదు. 1999 మార్చి 27న సెర్బియాలో కూలిన అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ను ఈ చర్చలో తరచూ లాక్కొస్తారు. దాన్ని కూల్చింది పాతకాలపు ఎస్-125 క్షిపణి వ్యవస్థ, విస్తరించిన రాడార్ జాలం కాదు.

ఎఫ్ఎం రేడియో తరంగాలనే వాడుకుని, తాను ఏమీ పంపకుండా విమానాలను పట్టే రాడార్ల గురించి కూడా చదివి ఉంటారు. అవి పనిచేస్తాయి. అయితే ఎఫ్ఎం పట్టీ వెడల్పు సుమారు 100 కిలోహెర్ట్జ్ అనుకుంటే దూరంలో సూక్ష్మత 1,500 మీటర్లు. విమానం ఉందని తెలుస్తుంది, ఆకారం తెలియదు. పట్టుకోవడం వేరు, బొమ్మ తీయడం వేరు. ఫార్వర్డ్ మెసేజ్‌లు ఈ రెండింటినీ ఒకే గంపలో వేస్తాయి.

## ఆ బొమ్మ ఫొటో కాదు

3 సెంటీమీటర్ల తరంగానికి విమానం నునుపైన రెక్క అద్దం లాంటిది, తరంగాన్ని ఎటో విసిరేస్తుంది. వెనక్కి మెరిసేవి అంచులు, మూలలు, ఇంజిన్ నోళ్లు, రెక్క కొసలు. మొత్తం మీద కొన్ని పదుల బిందువులు. త్రీడీ బొమ్మ అంటే ఆకాశంలో వేలాడే ఆ చుక్కల గుంపు. పరిశోధన పత్రాల్లో కనిపించే విమానం ఆకారం చాలాసార్లు వాటి మీద గీసిన గీతలే.

చుక్కలు కొన్నే ఉంటాయన్న ఈ సంగతి లెక్కకు వరం కూడా. 2000ల మధ్యలో డొనోహో, కాండెస్, రాంబర్గ్, తావ్ చూపించిన గణితం ప్రకారం, వెతికేది కొన్ని బిందువులే అయితే చాలా తక్కువ కొలతలతో తిరిగి కట్టవచ్చు. తక్కువ యాంటెన్నాలతో త్రీడీ అనే ఆశ చాలా వరకు దీని మీదే నిలబడి ఉంది. ఆ ఊహ తప్పితే, ఉదాహరణకు తిరిగే ఇంజిన్ బ్లేడ్ల నుంచి వచ్చే చెదురు ప్రతిధ్వనిలో, లేని బిందువులు పుడతాయి.

ఇప్పుడు కృత్రిమ మేధ కూడా దిగింది. వేల విమాన నమూనాలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్ ఖాళీలను అందంగా పూరిస్తుంది. దాన్ని సమర్థించేవాళ్లు వేగం చూపిస్తారు, శబ్దంలోనూ నిలకడగా ఉందంటారు. సందేహించేవాళ్లు అడిగేది ఒక్కటే: ఏ320లనే ఎక్కువగా చూసి నేర్చుకున్నది, ఎన్నడూ చూడని ఆకారం వచ్చినప్పుడు కొలిచినదాన్ని చూపిస్తుందా, తనకు తెలిసిన ఏ320ను చూపిస్తుందా? గుర్తింపు కోసం వాడే వ్యవస్థలో ఇది చిన్న ప్రశ్న కాదు.

ప్రస్తుతం ఇది ఎక్కడుంది అంటే, మన రాష్ట్రంలోనే శ్రీహరికోటలో ఇస్రో వారి మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ ఉంది. ఒకే పలక మీద 4,608 చిన్న యాంటెన్నాలు, ఒకేసారి 10 వస్తువుల వెంట పడుతుంది. దాని పని జాడ తీయడం, త్రీడీ బొమ్మ కట్టడం కాదు. నిజంగా చోట్లు మార్చి పెట్టిన పెద్ద రాడార్ చూడాలంటే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో విస్తరించిన ఐస్కాట్ త్రీడీ ఉంది. నార్వే కేంద్రంలోనే పది వేలకు దగ్గరగా యాంటెన్నాలు. అక్కడి నుంచి పంపుతారు, మూడు దేశాల్లోనూ అందుకుంటారు. వాళ్లు వాడే 233 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 1.3 మీటర్లు. గడియారంలో 10 పికోసెకన్ల బదులు 430 దాకా తప్పును అది ఓర్చుకుంటుంది. దాని ముఖ్య లక్ష్యం విమానాలు కాదు, ఉత్తర ధ్రువ కాంతులు మెరిసే ఎగువ వాతావరణం.